పాపాయమ్మ తోమిన బండి

“రంగేస్తానన్న బండికి ఇంత తుప్పు ఉంచుతాడా ఎవడైనా?” విజయ్ పాల్ పెయింటింగు షెడ్డులో నిలబడి పాపాయమ్మ గట్టిగానే అడిగింది. జవాబు చెప్పాల్సిన విజయ్ పాల్ భోజనానికి వెళ్లాడు. పక్కనున్న కూతురు దుర్గాశ్రీ దొరికింది.

నేల మీద మోటారుసైకిలు ఫ్రేము పడుకుని ఉంది. ట్యాంకు లేదు, చక్రాలు లేవు, ఇంజను లేదు. ఒళ్లంతా ఇటుకపొడి పులుముకున్నట్టు ఎర్రగా ఉంది.

“ఆయన వచ్చేదాకా ఆగమ్మా. అసలు మనదేనంటావా ఇది?”

“మొన్న దింపింది ఈ మూలనే. ఇదిగో, పైన బల్ల మీద మన ఇంజను. మీ నాన్న బండిని నేను పోల్చుకోలేనా?”

ఇంజను సంగతిలో మాత్రం అనుమానం లేదు. దాన్ని చింతపండూ కొబ్బరిపీచూ పెట్టి పెరట్లో తోమింది ఆవిడే. నీళ్లు లోపలికి పోకుండా కన్నాలన్నిటిలో పాత చీర పేలికలు కుక్కింది కూడా ఆవిడే. అది చూసి విజయ్ పాల్, “ఆయ్, ఇలా మా కుర్రాళ్లు కూడా తోమలేరండి పిన్నిగారూ,” అన్నాడు. ఆ ఒక్క మాటతో పాపాయమ్మ సగం మెకానిక్కు అయిపోయింది. మిగతా సగం ఇవాళ పూర్తిచేద్దామని కుచ్చిళ్లు ఎగదోపుకుంది.

“ఎల్లుండి సోమవారం నువ్వు ఉద్యోగంలో చేరాలి. సొంత బండి ఉంటేనే రమ్మన్నారు. ఆ భీమవరం రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పుగాలికి ఈ తుప్పు ఊరుకుంటుందా? ఆర్నెల్లకే బండి విరిగి నిన్ను చెరువులో పడేస్తుంది. నీకు జీతమిచ్చేది రొయ్యలకి మేత చూడమని, నువ్వే మేతవ్వమని కాదు.”

“అమ్మా, నా మాట వినవే.”

“నువ్వెళ్లి అతన్ని పిలుచుకురా. ఈలోపు పని అయిపోతుంది.”

దుర్గాశ్రీ వెళ్లింది. పాపాయమ్మ బల్ల మీది ఉప్పుకాగితం అందుకుని నేల మీద చతికిలబడింది. రుద్దగానే ఎర్రటి పొడి రాలింది. తుప్పు కాకపోతే ఏంటిది అని తనకు తనే చెప్పుకుంది. పొడి రాలేకొద్దీ లోపలి ఇనుము వెండి కంచంలా బయటపడుతుంటే ఆవిడ చేతికి ఆవేశం వచ్చేసింది. ఏ గొట్టమూ వదల్లేదు. సందుల్లోకి కాగితం మడిచి దూర్చి మరీ రుద్దింది. పని ముగిసేసరికి ముక్కూ మొహం ఎర్రబడ్డాయి, నడుము పట్టేసింది. వెనక గోడకు చేరేసి ఉన్న ఇనుప సామానేదో వీపుకు తగిలితే, దానికే చేరగిలబడి కళ్లు మూసుకుంది. చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. కష్టపడితే ఒళ్లు ఆ మాత్రం తడవదా అనుకుంది.

అడుగుల చప్పుడు వినిపించి గబుక్కున లేచి నిలబడింది. ఎండలోంచి వచ్చిన విజయ్ పాల్ నేల మీది ఫ్రేమును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. దుర్గాశ్రీ అతన్ని దాటుకుని లోపలికి వచ్చింది.

“ఎలా ఉంది నాయనా?” అంది పాపాయమ్మ.

“ఏం చేశారండి పిన్నిగారూ?”

“నువ్వు వదిలేసిన తుప్పంతా తీసేశాను. కూలి అడగన్లే.”

“అది తుప్పు కాదండి. తుప్పు పట్టకుండా పూసే రెడ్డాక్సైడండి. పొద్దున్నుంచీ కూర్చుని పూశానండి.”

పాపాయమ్మ చేతిలోని ఉప్పుకాగితాన్ని ఒకసారి, మెరిసిపోతున్న ఫ్రేమును ఒకసారి చూసింది. “నాలుగు గిన్నెలు తళతళలాడించినదాన్ని, నాకు తెలీని ఇనుమేముందిలే అనుకున్నాను నాయనా. ఆ చింతపండేదో నా బుర్రకి పెట్టుకోవాల్సింది.” అంతలోనే వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టింది. “మళ్లీ ఇది పూసి, ఆరి, దాని మీద రంగేసేసరికి సోమవారం దాటిపోతుంది కదా. నా చేత్తో నేనే పిల్ల ఉద్యోగం చెడగొట్టాను.”

“అయ్యో, ఇది మీది కాదండి. ఐసు కొట్టు చిట్టియ్య గారిది. ఆయనకి తొందర లేదండి, మళ్లీ పూసుకుంటాను.”

“మరి మాది?”

“మీదానికి నిన్ననే రెడ్డాక్సైడు పూసేశానండి. ఇందాక భోజనానికి వెళ్లే ముందు నల్లరంగు కూడా పడిపోయింది. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే రేపటికి గట్టిపడిపోద్దండి. ఎల్లుండి అమ్మాయిగారు బండెక్కి వెళ్లిపోవచ్చు.”

పాపాయమ్మ ప్రాణం లేచొచ్చింది. ఉప్పుకాగితాన్ని బల్ల మీద పెట్టి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. “బతికించావు నాయనా. మా బండి జోలికి వెళ్తే ఒట్టు. ఈ చేతులతో ఇంక ఏదీ ముట్టుకోను,” అని గుమ్మం వైపు తిరిగింది.

“అమ్మా, ఆగు,” అంది దుర్గాశ్రీ వెనకనుంచి. “నీ వీపు మీద ఆ నల్ల చారలేంటి?”