ఎవరి తాలూకండీ?

“మీ సర్వరు పేరు చెప్పని వాళ్లని బయటే ఆపేస్తోందండి,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన.

అది మంగళవారం పొద్దున. అమలాపురంలో ప్రవీణ్ కుమార్ ఆఫీసు. కొబ్బరి వర్తకులవీ, కాలేజీలవీ, రొయ్యల చెరువులవీ కలిపి ఒక్క సర్వరు మీద నలభై సైట్లు నడుపుతాడు.

“ఆపాలి కదండీ మరి! ఏ సైటు కోసం వచ్చేరో పేరు చెబితేనే దాని సర్టిఫికెట్ చూపించి లోపలికి రానిస్తాది. శనివారమే అలా మార్చేను.”

“రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మిషన్లు పాతవండి. వాటికి పేరు చెప్పడం రాదు. శనివారం నుంచీ వాటి కొలతలు మీ సర్వరుకి అందట్లేదు. ఆక్సిజన్ పడిపోయినా రైతు ఫోను మోగదండి.”

పక్క కుర్చీలో సత్తిరాజు ఉలిక్కిపడ్డాడు. పదేళ్లు మస్కట్ ఎండలో మాడి, వచ్చి రొయ్యల చెరువు వేశాడు. ఇంకో వారంలో పట్టుబడి, రొయ్యలు పట్టి అమ్ముకోవడమే.

గబగబా ఫోను తీశాడు. “ఐదు ఉందండి, పచ్చగా!”

“అది శనివారం అంకెండి. కదలట్లేదు చూడండి. పేరడక్కుండా తీసుకునే దారొకటి వదలండి బాబూ, రెండు నిమిషాల పని.”

ప్రవీణ్ కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఇంతకీ మీరెవరి తాలూకండీ?”

“నా పేరు ఇశ్రాయేలండి.”

“ఇంటిపేరు?”

“దాంతో పనేముందండి? ముందు చెరువుల సంగతి చూడండి.”

పనుంది. మన దగ్గర కుర్చీ చూపించాలన్నా ఇంటిపేరు కావాలి. ఉన్న ఆ ఒక్క పేరుతోనే ప్రవీణ్‌కు కావలసింది తెలిసిపోయింది. నోట్లో ‘అండీ’ ఎగిరిపోయింది.

“నాకే పాఠాలు చెప్పడానికొచ్చేవా? వెళ్లెళ్లు.”

సత్తిరాజు నవ్వాడు. కొత్త మిషన్లు అంటగట్టడానికి వచ్చుంటాడని తేల్చేశాడు కూడా.

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

గురువారం తెల్లారేసరికి సత్తిరాజు చెరువులో రొయ్యలు గట్టు పొడవునా చచ్చి తేలాయి. ఫోను మోగలేదు. అందులో అంకె ఇంకా పచ్చగానే ఉంది.

అతను ఆఫీసుకొచ్చి కూలబడ్డాడు. ప్రవీణ్‌కు భయం వేసింది. తప్పు తన మీదికి రాకుండా మిషన్ల కంపెనీకి ఫోను కలిపి, సత్తిరాజుకు వినబడేలా స్పీకర్ పెట్టాడు.

“మీ మిషన్లకి పేరు చెప్పడం రాదని ముందే ఒక్క మాట చెప్పొద్దాండీ?” అని అరిచాడు.

“అదేంటండీ!” అంది అవతలి అమ్మాయి. “ఆ మిషను తయారుచేసిన మా ఇశ్రాయేలు సారు, రిటైరైపోయి కూడా, ఆ ఒక్క మాట చెప్పడానికే మంగళవారం పనిగట్టుకుని మీ దగ్గరికొచ్చేరు కదండీ!”