రెండో గేరు

"ఒకటోది బాగానే పడుతోందమ్మా. రెండోదే పడట్లేదు," అన్నాడు మెకానిక్, గేరు రాడ్డు అటూ ఇటూ కదిపి చూసి.

పక్కనే నిలబడ్డ కళ్ళజోళ్ళ షాపు యజమానికి ఆ మాట ఎక్కడో చురుక్కుమంది. మెకానిక్ "అమ్మా" అన్న ఆవిడకి అతను రెండో మొగుడు మరి. కారు మొదటాయనది. ఆ మనిషి పోయి ఏళ్ళవుతున్నా కారు మాత్రం ఇంటి ముందు దర్జాగా నిలబడే ఉంది.

ఇంట్లో ఆవిడ "ఆయన" అందంటే అది మొదటాయనే. ఇతను ఎప్పుడూ "మీరు". ఒకసారి తనే నడపబోతే, క్లచ్చి వదలగానే బండి గుటుక్కుమని ఆగింది. "ఆయనకెప్పుడూ ఇలా ఆగలేదే!" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆ ఆశ్చర్యాన్ని అతను ఇంతవరకూ క్షమించలేదు. పోయినవాడితో పోట్లాడలేం కదా, అందుకని కారు దిగినప్పుడల్లా తలుపు కాస్త గట్టిగా వేసేవాడు.

"లోపల రెండో గేరు చక్రం పళ్ళన్నీ అరిగిపోయాయి," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ. "ఈ మోడల్ రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఇలాంటి బండిదే పాత గేర్‌బాక్సు దొరికితే మార్చేస్తా. లేదంటే ఇక దీని పని అయిపోయినట్టే."

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. అతని ముఖం వెలిగిపోబోయింది. చప్పున సర్దుకున్నాడు.

"పోనీ, తుక్కుకి వేసేద్దామా?" అన్నాడు, ఎంతో బాధగా.

"వద్దు. ఎలాగైనా నడవాలి," అంది ఆవిడ, స్టీరింగ్ మీద దుమ్ము అరచేత్తో తుడుస్తూ. "ఈ వారంలోపే నడవాలి. మీరు వెతికిపెట్టరూ?"

ఎలాగైనా నడవాలట! తనకి జ్వరం వస్తే మాత్రం "పడుకుంటే అదే తగ్గుతుంది" అంది.

"నాకంటే బాగా ఎవరు వెతుకుతారు?" అన్నాడు పైకి.

మర్నాడు షాపు మూసి మరీ పాత సామాన్ల కొట్ల మీద పడ్డాడు. దొరుకుతుందని కాదు, లేదనిపించుకోవడానికి. మొదటి కొట్టులో లేదన్నారు. ప్రాణం లేచొచ్చింది. రెండో కొట్టువాడు "ఏ కాలంలో ఉన్నారు సార్?" అని నవ్వాడు. వాడికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. చివరి కొట్టు ముసలాయన మాత్రం ఏమీ అనకుండా టైర్ల గుట్ట వెనక్కి వెళ్ళి, గోనెపట్టాలో చుట్టిన బరువైన దాన్నొకదాన్ని ఈడ్చుకొచ్చాడు.

"మీ అదృష్టం సార్. ఊరంతా గాలించినా ఇదొక్కటే. తిప్పి చూసుకోండి."

తిప్పి చూశాడు. ఒకటి పడింది. రెండోది వెన్నలో వేలు దిగినట్టు పడింది. అతను చప్పున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

వదిలేసి వెళ్ళిపోదామంటే ఆవిడ ఊరుకునే రకం కాదు. రేపు తనే వెతుక్కుంటూ ఈ కొట్టుకి వస్తుంది. ఈ ముసలాయన ఇదే గోనెపట్టా విప్పుతాడు.

"కొంటాను," అన్నాడు. "సుత్తి ఉందా?"

"సుత్తెందుకు సార్? బిగించడానికి పానాలు చాలు."

"బిగించడానికి కాదు."

అతను పక్కనే పడున్న సుత్తి అందుకున్నాడు. ముసలాయన ఆపేలోపే మొదటి దెబ్బ పడింది. పై తొడుగు పగిలి నల్లటి నూనె చొక్కా మీద చిందింది.

"కొని మరీ పగలగొడతారా! దీనితో మీకేం పగ సార్?"

"దీనితో కాదులే," అని మళ్ళీ కొట్టాడు. లోపలి పళ్ళచక్రాలు దొర్లుకుంటూ బయటికొచ్చాకగాని అతని చెయ్యి ఆగలేదు. ఎన్నాళ్ళ కడుపుమంటో, అప్పటికి చల్లారింది.

ఇంటికి చేరేసరికి ముఖాన్ని వీలైనంత వేలాడేశాడు.

"కాళ్ళరిగేలా తిరిగాను. ఎక్కడా దొరకలేదు."

ఆవిడ అతని చొక్కా మీది నూనె మరకలు చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి. "నా మాట మీద ఇంత అవస్థ పడ్డారా!" అంటూ మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. అతనికి కాస్త సిగ్గేసింది. కాస్తే.

"నువ్వేం బాధపడకు," అన్నాడు ఓదార్పుగా.

"నాకేం బాధ? అమ్మేద్దామనే కదా బాగు చేయించమన్నాను."

గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. "అమ్మేద్దామనా?"

"డ్రైవింగ్ స్కూలాయన అడిగాడు. నడిచే బండైతే ఈ వారమే పట్టుకెళ్తానన్నాడు. అది కళ్ళబడ్డప్పుడల్లా మీ ముఖం మాడిపోతుంటే చూడలేకపోయాను. కళ్ళజోళ్ళు అమ్మేది మీరైతే మాత్రం, నాకు చూపు లేదనుకున్నారా?"

గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు. చేజేతులా ఎంత పని చేసుకున్నాడు! ముక్కలైనా ఏరుకొద్దామా అని కూడా ఒక ఆలోచన వచ్చి పోయింది.

"అయితే... తుక్కుకే ఇచ్చేద్దాంలే," అన్నాడు.

"ఆ మాట మాత్రం అనకండి. ఇంకొకళ్ళు నడుపుకుంటారంటే నవ్వుతూ ఇచ్చేదాన్ని. ఆయన ప్రాణంగా చూసుకున్న దాన్ని చేతులారా సుత్తి దెబ్బలకి అప్పగిస్తానా?"

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి, పడగ్గదిలోకి వెళ్ళి కిటికీ రెక్కలు బార్లా తెరిచింది.

"ఇదిగో, ఈ కిటికీ కింద ఎండ పడదు. రేపు ఇక్కడికి తోయించేస్తాను. మనం ఉన్నన్నాళ్ళూ ఇక్కడే ఉంటుంది, పాపం."