తాలింపు ఘాటు

లండన్‌లో, క్రోయిడన్‌లోని తన ఫ్లాట్‌లో కూర్చుని, యుద్ధం జరుగుతున్న సూడాన్‌లో ఉన్న పంతొమ్మిదేళ్ళ యాసిన్‌కి ఆన్‌లైన్‌లో ఇంగ్లీషు చెబుతుంది ప్రభావతి. ఇవాళ పాఠం లేదు. వెళ్ళొద్దని అరగంటగా అతన్ని బతిమాలుతోంది.

"మా అన్నని చంపేశారు ఆంటీ. యుద్ధానికి కుర్రాళ్ళని తీసుకెళ్ళే ట్రక్కు బయట ఆగింది. ఎక్కితే నాకూ తుపాకీ ఇస్తారు."

"నువ్వొకణ్ణి చంపితే, వాడి తమ్ముడు ఇంకో ట్రక్కెక్కుతాడు. ఎక్కడ ఆగుతుంది నాన్నా ఇది?"

"వెళ్తున్నా," అంటూ లేచాడు యాసిన్.

అప్పుడే వంటింట్లో భర్త మూర్తి వేసిన తాలింపు ఘాటుకి ప్రభావతి గట్టిగా తుమ్మింది.

"కూర్చో," అంది వెంటనే. "బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కదలకూడదు. మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వెళ్ళాలి."

"ఇది ఇంగ్లీషువాళ్ళ ఆచారమా?"

"మా అమ్మ ఆచారం."

అంత బాధలోనూ అతనికి నవ్వొచ్చింది. కూర్చుని గ్లాసెత్తాడు. బయట హారన్ రెండుసార్లు మోగింది. తర్వాత ట్రక్కు వెళ్ళిపోయిన చప్పుడైంది. యాసిన్ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు.

"రేపు ఇంకో ట్రక్కు వస్తుంది ఆంటీ," అన్నాడు. "నా ఫ్రెండ్ ఎక్కుతానంటున్నాడు. వాణ్ణి కూడా పాఠానికి తీసుకురానా?"

ప్రభావతి వంటింటివైపు తిరిగింది.

"ఏమండీ, రేపు కూడా సరిగ్గా ఈ టైముకే తాలింపు వెయ్యండి. ఎండుమిరపకాయలు ఇంకో నాలుగు ఎక్కువ పడాలి."