పనికి మనిషి

“పనికి మనిషి కావాలని మీ అన్నయ్యతో అన్నారట,” అంది ఆమె, గుమ్మం దగ్గరే నిలబడి.

చక్రాల కుర్చీలో కూర్చుని ఫ్యాన్ మోటారు విప్పుతున్న మెకానిక్ చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారి తొడ మీద పడింది. పడిన సంగతి కంటికి తెలిసిందిగాని తొడకి తెలియలేదు.

“మగమనిషిని చూడమన్నాను,” అన్నాడు.

“చూశారట. పనేమిటో వినగానే ఒకడు ఫోనెత్తడం మానేశాడట, ఇంకొకడు ఊళ్ళోనే లేనన్నాడట. ఇంతకీ అంత భయంకరమైన పనేమిటో మీ నోటితో చెప్పండి. చేస్తానో చెయ్యనో విన్నాక చెబుతాను.”

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. నిచ్చెన మీంచి పడి వెన్నుపూస విరిగినప్పటి నుంచీ ఆ పని అన్నయ్యే చేస్తున్నాడు. రెండు వీధుల అవతలి నుంచి రోజు విడిచి రోజు పొద్దున్నే వచ్చేవాడు, గది తలుపు గడియ పెట్టేవాడు, పని కానిచ్చి వెళ్ళేవాడు. ఆ సమయంలో ఆ గదిలోకి పురుగుని కూడా రానివ్వకుండా మెకానిక్ ఇన్నాళ్ళూ పరువు దక్కించుకున్నాడు. నిన్న ఇతన్ని ఎత్తబోయి అన్నయ్య నడుము పట్టేసింది. ఇప్పుడాయనే మంచం దిగలేకపోతున్నాడు. నిన్న జరగాల్సిన పని ఇవాళ్టికీ జరగలేదు.

“నీవల్ల కాదు.”

“చెప్పకుండానే తేల్చేశారా?”

సరే, ఉన్నదున్నట్టు చెప్పి హడలగొడితే తనే వెనక్కి తగ్గుతుందనుకున్నాడు. ఆమె మొహం చూసే ధైర్యం లేక, మోటారుకి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

“నాకు ఎప్పుడొస్తుందో తెలీదు. వచ్చినా తెలీదు. అందుకని మనమే రప్పించాలి. ఎడమ పక్కకి తిప్పి, లోపల మందుబిళ్ళ పెట్టాలి. కాసేపాగి, మధ్యలో బొక్క ఉన్న ఆ కుర్చీలోకి మార్చాలి. అప్పటికీ రాకపోతే గ్లవ్ తొడుక్కుని, జెల్లీ రాసుకుని... వేలితో...” మోటారు మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. “చేతులు బాగానే ఉన్నాయిగా, నువ్వే చేసుకోవచ్చుగా అంటారు అందరూ. నడుముకి పట్టు లేదు. వంగితే ముందుకి పడిపోతాను.”

“ఇంతేనా? పసివాడికి చేశాను. మా అత్తగారు మంచాన పడితే ఆవిడకీ చేశాను.”



“వాళ్ళు వేరు,” అన్నాడు. “వాళ్ళకి నీ ముందు సిగ్గుపడాల్సిన అవసరం లేదు.”

“మీకెందుకొచ్చింది ఆ అవసరం?”

“పోయిన నెల ఒకాయన ఫ్యాన్ తీసుకెళ్ళడానికొచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ ముక్కు మూసుకున్నాడు. ఆయన మూసుకునేదాకా నాకు తెలీదు. డబ్బులు బల్ల మీద పెట్టేసి, కనీసం ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూసుకోకుండా వెళ్ళిపోయాడు. అందుకే, ఎవరైనా వస్తారంటే ముందురోజు తిండి మానేస్తున్నాను.”

“ఆకలి లేదని చెప్పి.”

“ఆ. తినకపోతే రాదనుకున్నాను. తీరా చూస్తే గట్టిపడి ఇంకా మొండికేసింది. అన్నయ్య చేత తిట్లు తిన్నాను.”

“మరి కాళ్ళు? నొప్పులేమైనా ఉన్నాయా?”

“లేవు.”

ఆ ఒక్క మాటా పచ్చి అబద్ధం. గిచ్చితే తెలియని ఆ కాళ్ళే రాత్రింబవళ్ళు కారం పూసినట్టు మండుతుంటాయి. స్పర్శే లేని కాలికి నొప్పేమిటయ్యా అని ఎవరో నవ్వాక, చెప్పడమే మానుకున్నాడు.

“నాదొక షరతు,” అంది ఆమె. “నొప్పి ఉంటే ఉందనాలి. అది సరే, మొహం మీద ఆ చెమటేమిటి?”

ఏం లేదనబోయాడు. కానీ కణతలు అదిరిపోతున్నాయి, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

“తల పగిలిపోతోంది. లోపల నిండిపోతే నాకిలాగే తెలుస్తుంది. ఆలస్యం చేస్తే బీపీ పెరిగి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాడు.”

“ఇది కడుపులో పెట్టుకుని ఇంతసేపూ నన్ను ఇంటర్వ్యూ చేస్తున్నారా?” అంటూ ఆమె కుర్చీ పిడులు పట్టుకుని గదిలోకి తోసింది.

“పడుకోబెట్టకు. ఇలా ఉన్నప్పుడు కూర్చోబెట్టే చెయ్యాలి. అలమారులో తెల్ల ట్యూబు ఉంది, మొద్దుబార్చే మందు. ముందు అది రాసి కాసేపు ఆగు, లేకపోతే బీపీ ఇంకా పెరుగుతుంది.”

ఆమె అతన్ని బొక్క కుర్చీలోకి మార్చింది. మొదటి గ్లవ్ తొడుక్కుంటుంటేనే చిరిగింది. రెండోది సరిగ్గా కూర్చుంది. మెకానిక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఉన్నపళాన భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. ఆమె నోట్లోంచి ఛీ అన్న మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని బిగుసుకుని కూర్చున్నాడు. ఏ మాటా రాలేదు. కాసేపటికి ఆ గదిలో దాచలేని వాసన నిండింది. అతని తలలోని పోటు మెల్లగా దిగింది. ఆమె వెళ్ళి కిటికీ తెరిచి వచ్చింది.

“ఏడుస్తున్నారేం? నొప్పా?”

“కాళ్ళు మండుతున్నాయి,” అన్నాడు. ఆ మాట బయటికి అనడం అతనికే వింతగా ఉంది. “ఎప్పుడూ మండుతూనే ఉంటాయి.”

“అలా చెప్పండి. డాక్టరుకీ అలాగే చెప్పాలి.”

శుభ్రం చేసి, బట్టలు మార్చి, చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసి, ఆమె అతన్ని మంచం మీదికి చేర్చింది. ఆయాసపడుతోంది. జుట్టంతా చెదిరిపోయింది.

“రేపు నా మొహం ఎలా చూస్తావు?” అడిగాడు గోడవైపు తిరిగి.

“కళ్ళతో,” అని ఆమె బట్టలు తీసుకుని ఉతకడానికి వెళ్ళింది.

దిండు పక్కన ఫోను మోగింది. అన్నయ్య.

“ఒరేయ్, ఎలా ఉన్నావురా? తలనొప్పి మొదలైందా? ఇంకొకణ్ణి అడిగాను. మధ్యాహ్నం వచ్చి మాట్లాడతానన్నాడు. అందాకా ఓర్చుకో.”

“వద్దన్నయ్యా. మనిషి దొరికింది. పని కూడా అయిపోయింది.”

అవతల అన్నయ్య ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

“అన్నీ చెప్పావా? చెప్పినా పారిపోలేదా? ఎవరురా ఆ మహాతల్లి?”

మెకానిక్‌కి చెవుల దాకా వేడెక్కింది.

“నా పెళ్ళామే అన్నయ్యా.”