తొమ్మిదో గరిటె

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎర్రటి దుమ్ము లేచి సూర్యుణ్ణి కమ్మేసింది. గంజి కేంద్రం మీద గద్దలు బాగా కిందికి దిగి తిరుగుతున్నాయి.

కరువు పనిలో చెరువు మట్టి మోసేవాళ్లకు నర్సింగమ్మ జొన్నగంజి పోస్తోంది. మనిషికి రోజుకు నాలుగు గరిటెలని సర్కారు హుకుం.

వరుసలో ఆమె బిడ్డ అమృతమ్మ కూడా ఉంది. ఏడో నెల.

ఎవరో కొత్త మనిషి వచ్చి పక్కనున్న బండ మీద కూర్చున్నాడు. తెల్లచొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"చదువుకున్నవా బిడ్డా?" అని అమృతమ్మను అడిగాడు.

"మూడో తరగతి దాంక."

"అయితే గీ లెక్క చెప్పు. మట్టి మోసే ఆడమనిషికి దినానికి రెండు వేల నాలుగు వందల క్యాలరీలు కావాలె. గరిటె గంజిల మూడు వందలుంటయి. ఎన్ని గరిటెలు తాగాలె?"

"క్యాలరీలు ఏ అంగట్ల అమ్ముతరు సారూ? నాకో శేరు కావాలె," అన్నాడు వెనక నుంచి గుర్వయ్య.

"తిండిల ఉండే సత్తువకు కొలత అది."

అమృతమ్మ వేళ్లు మడిచింది. "ఎనిమిది."

"కడుపుతోని ఉన్నవ్. ఇంకో మూడు వందలు కలుపు."

"తొమ్మిది."

నర్సింగమ్మ గరిటె గుండిగకు తగిలి టంగుమంది.

తినేవాళ్ల ముద్దలు లెక్కపెడితే ఆ తిండి తరిగిపోతుందని ఆ ఊరి నమ్మకం. చూలాలివి లెక్కపెడితే కడుపులో బిడ్డకే తగులుతుంది. పైగా గంజి తగ్గిస్తారని ఊళ్లో గుసగుసలు.

"కోత పెట్టనీకే వచ్చిండు," అన్నాడు గుర్వయ్య.

"లెవ్వు సారూ! నా బిడ్డ నోటికాడ లెక్కలా?" అంది నర్సింగమ్మ.

ఆయన లేచాడు. తూలి, పందిరి గుంజ పట్టుకున్నాడు. సంచిలోంచి గిన్నె తీసి చాపాడు.

"దూరం పోవాలె. జర గంజి పొయ్యమ్మా. నాలుగే గరిటెలు."

"సూడుండ్రి, అడుక్కునేకాడ గూడ లెక్కే!" అన్నాడు గుర్వయ్య.

"గంజి కూలోళ్లకు. నీ అసుంటోళ్లకు గాదు," అంది నర్సింగమ్మ.

ఆయన గిన్నె సంచిలో పెట్టుకుని నల్గొండ దారి పట్టాడు. దిష్టి పోవాలని, ఆయన కూర్చున్న బండ మీద ఆమె ఉప్పు చల్లింది. ఒక గద్ద ఆ దారి వెంటే పోయింది.

వారం తిరక్కముందే, కేంద్రాలకు సర్కారు జొన్నలు తోలే గాలయ్య బండి బస్తాలతో వచ్చింది.

"ఇయ్యాల్టి సంది మనిషికి ఎనిమిది గరిటెలు. కడుపుతోని ఉన్నోళ్లకు తొమ్మిది," అన్నాడతను.

నర్సింగమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఎవరు పెంచిండ్రు?"

"గా తెల్లచొక్క బక్క డాక్టరు సారు. నడుసుకుంట నల్గొండ కచేరీకి పోయి, పెద్దసార్ల ముంగట చొక్క ఇప్పి నిలవడ్డడంట. హుకుం రాసెదాంక కదల్లే. రాసినంక మెట్ల మీదనే కూలిండు. దవాఖానకు తీస్కపోయెలోపే పాణం పోయింది."

"ఏం రోగం?"

గాలయ్య తలపాగా తీసి, గొంతు తగ్గించి చెప్పాడు.

ఆ పూట నర్సింగమ్మ బిడ్డ గిన్నెలో గంజి పోస్తూ, బతుకులో మొదటిసారి పైకి లెక్కపెట్టింది. తొమ్మిదో గరిటె అంచు దాకా నింపి పోసింది. అందరూ ఒక్కచోట కూర్చుని తాగారు.

నాలుగు గరిటెల మీద మనిషి నిలవడని చూపించడానికి, ఊరూరా గంజి కేంద్రాల్లో ఆ నాలుగే పోయించుకుని, నెలగా వాటి మీదే బతుకుతూ వచ్చాడట ఆయన.