ఆదివారం పూట పిస్తోలు

బొటనవేలు తీస్తే పేలుతుంది. తీయకపోతే ఎంతసేపని?

ఉర్స్ బాల్సిగర్ వంటింటి బల్ల ముందు కూర్చుని, పిస్తోలు నోరు ఎటు తిప్పాలా అని ఆలోచిస్తున్నాడు.

నిన్ననే కొన్నాడు దాన్ని, పాతసామాన్ల సంతలో. ఒకప్పుడు స్విస్ సైన్యంలో ఆఫీసర్లకిచ్చిన పిస్తోలు. నూరేళ్ళు దాటింది. పోలీసుల దగ్గర పర్మిట్ ముందే తీసుకున్నాడు, మూడు జిరాక్సులు కూడా తీయించాడు. తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పైకీలు పాత జిడ్డుకి బిగుసుకుపోయిందనీ, కిరసనాయిలు పట్టిస్తే వదులుతుందనీ అమ్మినవాడు చెప్పాడు. పిడిలోంచి తూటాల డబ్బా లాగి చూపించాడు. ఖాళీ. ఉర్స్‌కి అది చాలనిపించింది.

పొద్దుటి నుంచీ పాత టూత్‌బ్రష్‌తో తోముతూనే ఉన్నాడు. జిడ్డు వదిలేకొద్దీ ముద్రలు బయటపడ్డాయి. ముందు శిలువ, దాని చుట్టూ కిరణాలు, ఆ కింద అంకెలు. పాత తుపాకుల మీద తన దగ్గరున్న పుస్తకం తెరిచి నంబరు సరిచూశాడు. మొట్టమొదటి విడతలోదే. ఆఫీసులో ఎవరెవరికి ఫోటో పంపి కుళ్ళుకునేలా చేయాలో పేర్లు రాసుకున్నాడు. ఇంకో చుక్క కిరసనాయిలు పోశాడు.

కీలు చటుక్కున సగం దాకా లేచి ఆగింది. సందులోంచి ఇత్తడి మెరిసింది.

గొట్టంలో తూటా ఉంది.

లోపలి స్ప్రింగు కీలుని కిందికి లాగుతోంది. ఉర్స్ బొటనవేలు అడ్డం పెట్టాడు. వదిలితే అది ధన్‌మని మూసుకుంటుంది. పాత తూటా, ఆ దెబ్బకే పేలినా పేలుతుంది.

పేలితే ప్రాణం పోవచ్చు. అదొక సంగతి. రెండో సంగతి, ఇవాళ ఆదివారం.

ఆ బిల్డింగులో ఆదివారం చప్పుడు చేయకూడదు. బట్టలుతక్కూడదు, మేకు కొట్టకూడదు, ఖాళీ సీసాలు డబ్బాలో వేయకూడదు. నిబంధనల కాగితం మెట్ల దగ్గర ఫ్రేములో వేలాడుతుంటుంది. పిస్తోళ్ళ మాట అందులో లేదు. రాయడం మరిచిపోయారంతే.

"పోలీసులకి ఫోన్ చేయనా?" అంది ఎల్స్‌బెత్, గుమ్మం అవతలి నుంచి భర్తనే చూస్తూ.

"సైరన్ లేకుండా వస్తారా?"

"అడిగి చూస్తాను."

"కారైతే కనబడుతుందిగా."

ఫోన్ ఉన్నచోటే ఉండిపోయింది.

ఎడమ గోడ అవతల ఎగ్లి గారుంటారు. ఎనభై ఏళ్ళ ఒంటరి మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. నిబంధనలకి ఫ్రేము కట్టించింది ఆవిడే. పోయినేడాది ఉర్స్ చెప్పుల చప్పుడు గురించి ఆ పక్క వాటా నుంచి ఈ పక్క వాటాకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసింది. ఆ గోడ కుదరదు. కింద వాటాలో దంతవైద్యుడి కుటుంబం భోజనానికి కూర్చునే వేళ. కిటికీలోంచంటే ఎదురుగా చర్చి, జనం బయటికొస్తున్నారు. మిగిలింది ఫ్రిజ్.

"అది కొత్తది," అంది ఎల్స్‌బెత్.

ఉర్స్ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా క్లెయిములు తిరగ్గొడుతున్నాడు. ఇలాంటి కాగితం తన బల్ల మీదికొస్తే ఏం రాసేవాడో అతనికి తెలుసు. అయినా ఎల్స్‌బెత్ వెళ్ళి గ్యారంటీ కార్డు తెచ్చి మొత్తం చదివింది. తూటాల గురించి చిన్న అక్షరాల్లో కూడా ఏమీ లేదట.

బొటనవేలు తిమ్మిరెక్కింది. చెమటా కిరసనాయిలూ కలిసి జారుతున్నాయి. కీలు వెంట్రుకవాసి కిందికి దిగింది. ఉర్స్ మోకాలు వణకడం మొదలుపెట్టింది. దాంతోపాటు బల్ల, బల్ల మీద చెంచాలు. టకటకటక. ఆపుదామనుకుంటే ఇంకా ఎక్కువైంది.

పావుగంటలో బెల్లు మోగింది.

ఎల్స్‌బెత్ తలుపు కొంచెమే తెరిచింది. ఎగ్లి గారికి ఆ కొంచెం చాలు. నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చేసింది.

"బాల్సిగర్ గారూ, ఇందాకటి నుంచీ ఒకటే టకటక. ఇవాళ ఏ వారమో..."

ఆగింది. ఉర్స్ చేతులకేసి చూసింది. భయపడలేదు. పొయ్యి దగ్గరి తువ్వాలు తీసి నాలుగు మడతలు వేసి బల్ల మీద పరిచింది. ట్రిగ్గరుకి దూరంగా ఉండమంది, ఊపిరి పీల్చుకోమంది. వేళ్ళతో కీలుకి రెండు పక్కలా ఉన్న గుండీలు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తూటా ఎగిరి తువ్వాల్లో పడింది. కిక్కురుమనలేదు.

ఉర్స్ బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాడు. ఎల్స్‌బెత్ ఫ్రిజ్‌కి ఆనుకుంది.

"అటువైపు పిడి చెక్క మీద పెచ్చు ఊడి ఉంటుంది, చూడండి," అంది ఎగ్లి గారు.

ఉర్స్ తిప్పి చూశాడు. ఊడి ఉంది.

"మా ఆయనదే. ఆయన పోయాక పెట్టెలన్నీ విప్పకుండానే సంతవాడికిచ్చేశాను."

ఉర్స్‌కి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు పెద్దరికం కూడా. తూటా తీయకుండా దాచేయడం ఎంతటివాడైనా చేసే పొరపాటేననీ, పోయినవాళ్ళని ఇప్పుడు తప్పుపట్టకూడదనీ ఆవిడకి నచ్చజెప్పాడు. ఎల్స్‌బెత్ కాఫీ పెట్టింది. పోయినాయన అదృష్టవంతుడంది. రాత్రి మామూలుగా పడుకుని, సోమవారం తెల్లారేసరికి నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయారని అప్పట్లో బిల్డింగంతా చెప్పుకున్నారు మరి.

ఎగ్లి గారు తువ్వాల్లో తూటాని మూటకట్టి జేబులో వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మా ఆయన పొరపాటు కాదండీ, తూటా పెట్టింది నేనే, కాకపోతే అవాళ ఆదివారం కదా అని ఆగాను."