పక్క తొట్టి

"నా బిడ్డను కిందికి దించు!"

షెడ్డు గుమ్మంలోంచి ప్రేమకుమారి అరిచిన అరుపుకి లోపల వెల్డింగు ఆగిపోయింది. కూతురు చైత్ర వీల్‌చైరును ఇనపరేకు వాలు మీదికి తోస్తున్న కౌశల్ చేతులు అక్కడే నిలిచిపోయాయి. వాలు పైన ఒక మోటార్‌సైకిలు, దానికి ఎడమ పక్కన అతికించిన తొట్టి. వీల్‌చైరుకు వీల్‌చైరు దాంట్లోకి ఎక్కేటంత వెడల్పు ఉంది. దుమ్ము పడకుండా బండి ముందు భాగం, తొట్టి ముందు భాగం కలిపి పాత దుప్పటి కప్పారు.

"అమ్మా! నువ్వెట్లొచ్చినావు?" అంది చైత్ర.

"బస్సెక్కి వచ్చినా. మన బొమ్మనహళ్ళి వదిలేసి ఈ చందాపురలో మీరు చూసే సినిమా ఏందో చూద్దామని."

ఆరు ఆదివారాలుగా ఇదే తంతు. ఆఫీసులో చైత్ర పక్క సీట్లో కూర్చునే ఈ కౌశల్ పొద్దున్నే రావడం, సినిమా అని తీసుకుపోవడం, సాయంత్రానికి పిల్ల చున్నీ మీద గ్రీజు మరకలతో ఇల్లు చేరడం. పోయిన వారమైతే మోచెయ్యి గీరుకుపోయి వచ్చింది. అడిగితే తలుపు తగిలిందట. ఇరవయ్యారేళ్లుగా ఆ పిల్లని ఎత్తి దించుతున్న తల్లికి తలుపు దెబ్బ ఎలా ఉంటుందో తెలియదా? కాళ్లున్న పిల్లలు ఊరినిండా ఉండగా ఈ అబ్బాయికి తన బిడ్డే ఎందుకు కావలసి వచ్చిందో తేలక ఆవిడకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

"కూర్చోండమ్మా," అంటూ మెకానిక్ ఆవులప్ప స్టూలు జరిపాడు.

ఆవిడ కూర్చోలేదు. పోలీసు ఇనస్పెక్టరులా తొట్టి చుట్టూ తిరిగింది. అడుగున రెండు ఇనప కొక్కేలు కనిపించాయి.

"ఇవేందప్పా?"

"లాకులమ్మా. బండి కదిలినప్పుడు కుర్చీ జారకుండా చక్రాలను పట్టుకుంటాయి."

"ఊడదీసేది ఎట్ల?"

"అదో, ఆ తీగ లాగితే ఊడతాయి. తీగ కొస తోలేవాళ్ల చేతికి ఇచ్చినా."

"అంటే వాళ్లు వదిలితే గానీ కుర్చీ బయటికి రాదా?"

"రాదమ్మా. అదే భద్రం."

భద్రమట! ప్రేమకుమారికి ఒళ్లు మండిపోయింది. పిల్లని కొక్కేలకు తగిలించి, ఆ తీగ పరాయివాడి చేతికిచ్చి, దానికి భద్రం అని పేరొకటి.

"చైత్రా, ఇంటికి పోదాం పద."

"ఒక్క రౌండమ్మా. సందు చివరిదాకా పోయి వచ్చేస్తాం."

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

ఒప్పుకునేది కాదు. ఆ మాట నిజమే కాబట్టి ప్రేమకుమారి కోపం అంతా కౌశల్ మీదికి మళ్లింది.

"ఏమప్పా, బండి తిరగబడితే నువ్వు దులుపుకోని లేచి నిలబడతావు. నా బిడ్డ ఎట్ల లేస్తాది?"

కౌశల్ తల దించుకున్నాడు. "నాకూ అదే భయం ఆంటీ. వద్దని చాలాసార్లు చెప్పాను. తనే వినలేదు. ప్రామిస్."

ఎంత తెలివిగా తప్పంతా చైత్ర మీదికి తోసేశాడో చూడు, అనుకుంది ఆవిడ. ఇంతకన్నా రుజువేం కావాలి? చైత్ర మాత్రం కుర్చీ చక్రాలు పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ మొండితనం తల్లికి బాగా తెలుసు. ఎత్తుకుపోదామన్నా ఇప్పుడు నడుము సహకరించదు.

"సరే, నేనూ వస్తా. వెనక సీట్లో కూర్చుంటా. ఏమన్నా తేడా వచ్చిందో, నీ కాలరు నా చేతిలో ఉంటాది."

కౌశల్ చైత్ర వైపు చూశాడు. చైత్ర నవ్వు బిగబట్టి తలూపింది. ఆ చూపులేమిటో, ఆ నవ్వేమిటో! అయినా వెనక్కి తగ్గితే తల్లెలా అవుతుంది? చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఇటొక కాలు అటొక కాలు వేసి సీటెక్కేసింది.

కౌశల్ రెండు హెల్మెట్లు తెచ్చాడు. ఒకటి చైత్రకి పెట్టాడు, రెండోది ఆవిడ చేతికిచ్చాడు.

"నీకేదప్పా?"

"నాకెందుకు ఆంటీ?"

చూశావా పొగరు! హెల్మెట్ కూడా పెట్టుకోని మనిషి చేతిలో పిల్ల ప్రాణం. ప్రేమకుమారి కళ్లు గట్టిగా మూసుకుని ఇంటి దేవుడికి ముడుపు కట్టుకుంది. పక్కన ఆవులప్ప వీల్‌చైరును తొట్టిలోకి తోసిన చప్పుడు, కొక్కేలు టక్కుమని పడిన చప్పుడు, దుప్పటి లాగేసిన చప్పుడు వినిపించాయి. ఎంతసేపటికీ తన ముందు సీటు మాత్రం కుంగలేదు.

కళ్లు తెరిచింది. కౌశల్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బండికి హ్యాండిలు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఎక్కవేమప్పా?"

"నాకు బండి తోలడం రాదు ఆంటీ."

"మరి తోలేదెవరు?"

ఆవిడ కింద ఇంజను గుర్రుమంది.

"గట్టిగా పట్టుకోమ్మా," అంది చైత్ర, తొట్టిలో తన ముందున్న హ్యాండిలు పట్టుకుని క్లచ్చు వదులుతూ.